కంటి మందు పెట్టె

అన్నయ్యకి నమస్కారం.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. నీ ఉత్తరం చదివాక నువ్వు క్షేమంగా ఉన్నావన్న నమ్మకం నాకు లేదు. చదివిన దగ్గర్నుంచి ఒళ్ళు మండిపోతోంది. వరసగా చెబుతాను, విను.

ముందు అమ్మ కన్ను. గండం గడిచింది. ఎర్రదనం తగ్గింది, రేపో ఎల్లుండో కట్టు విప్పేస్తామన్నారు. చూపుకి ఢోకా లేదట. ఇంకో పదిరోజులు మాత్రం సూది ముట్టుకోవద్దన్నారు. రఫ్ఫు పని చేసే మనిషిని సూది ముట్టుకోవద్దంటే ఎలా ఉంటుంది? ఎవరిదో చిరిగిన కోటు ఒళ్ళో పెట్టుకుని, చిరుగుని వేళ్ళతో తడుముతూ కూచుంటోంది.

ఇక నీ సంగతి. చేపల కోల్డ్ స్టోరేజీలో రోజంతా రబ్బరు బూట్లలో నాని కాలివేళ్ళ సందులు పాసిపోయాయి, "నీకు డాక్టరిచ్చిన ఆయింట్‌మెంటు మిగిలుంటే పార్సిల్లో పడెయ్యవే" అని రాశావు. పడెయ్యను! అది నా చేతులు చూసి నాకు రాసిచ్చిన మందు. నీ కాళ్ళని ఆ డాక్టరు కలలో చూసిందా? పైగా అక్కడి మందుల కొట్టువాడు చీటీ లేకుండానే ఏదో ట్యూబు చేతిలో పెట్టాడనీ, మూడు రోజుల్లో దురద మాయమైందనీ, మానేశాక రెండింతలు పాకిందనీ నువ్వే రాశావు. పాకదూ మరి! మా డాక్టరుకి చెబితే తల పట్టుకుంది. అలాంటి ట్యూబులు కొన్నిట్లో స్టీరాయిడ్ కలిపి ఉంటుందట. పైకి దురద తగ్గిస్తుంది, లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. వాడికేం, ట్యూబు అమ్ముడుపోయింది. నీ కాళ్ళు ఏ గంగలో కలిస్తే వాడికెందుకు?

రేపే సెలవు పెట్టి డాక్టరు దగ్గరకి వెళ్ళు. ఇన్నాళ్ళూ రాసుకున్న ట్యూబు కూడా పట్టుకెళ్ళి చూపించు, దాచకు. మందు రాసిచ్చాక నీ అతితెలివి వాడకు. కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు బాగా ఆరనిచ్చి, పల్చగా రాయాలి. నువ్వు రొట్టెకి వెన్న పట్టించినట్టు పట్టిస్తావు, నాకు తెలీదా! మచ్చ మీదే కాదు, దాని చుట్టూ కాస్త దూరం కూడా రాయాలట. రాశాక సబ్బుతో చేతులు కడుక్కో, ఆ చేత్తో కళ్ళు నలుపుకోకు. మంట పుట్టి బొబ్బలెక్కితే ఆపేసి మళ్ళీ డాక్టరుకి చూపించు. దురద పోయింది కదా అని మాత్రం మధ్యలో మానకు, ఎన్ని వారాలు రాయమంటే అన్ని వారాలూ రాయి. నేను నాలుగు వారాలు రాయాల్సింది పదిరోజులకే మానేశాను. బేకరీలో ట్రేలు కడిగే చేతులు కదా, వారం తిరక్కుండా మళ్ళీ మొదలైంది.

సరే, ఇవి కాదు నాకు అసలు మండింది. "పై వాటా అత్తయ్య చూసుకోకుండా అమ్మకి చర్మం మందు ఇచ్చింది, పైగా పెట్టె మీద కంటి మందనే ఉందని బొంకుతోంది, ఇక ఆవిడ గుమ్మం తొక్కకండి" అని రాశావు చూడు, అది. అంత దూరాన కూచుని తీర్పు చెప్పడానికి నువ్వెవరివి? ఎనిమిది ఇళ్ళలో మిగిలిపోయిన మందులన్నీ ఒకే రేకు డబ్బాలో పడేసి, అది ఆవిడ నెత్తిన పెట్టిందెవరు? మనమే. ఎవరికి ఏ నొప్పొచ్చినా డాక్టరెందుకు, అత్తయ్య డబ్బా ఉందిగా అన్నదీ మనమే. ఇప్పుడేమో అందరూ ఆవిడ మీదే పడ్డారు. అమ్మకి ప్రమాదం జరిగిన మర్నాడు మెట్ల మీద పదిమంది చేరారు. "కళ్ళజోడు పెట్టుకుని మరీ చదివాను, కంటి మందనే ఉంది" అంటుంది ఆవిడ. "ఏదీ, ఆ పెట్టె చూపించు మరి" అన్నాడు కింద వాటా టైలరు. పెట్టె లేదు. "పెద్దావిడవి, అబద్ధాలెందుకు?" అని అందరిలో అనేశాడు. అప్పట్నుంచి ఆవిడ మెట్ల మీద అలికిడి ఆగాకగానీ కిందికి దిగడం లేదు.

అన్నయ్యా, ఆవిడ అబద్ధం చెప్పలేదు.

మిగిలిన నా ట్యూబుని ఆ డబ్బాలో వేసింది నేను. తడిచేతులతో పట్టుకుని పట్టుకుని దాని మీద అక్షరాలు అరిగిపోయాయి. మూత వదులైంది, ఊడి కారుతుందేమోనని, ఖాళీగా పడున్న అమ్మ పాత కంటి మందు పెట్టెలో దూర్చాను. సరిగ్గా పట్టింది. ఎంత పొదుపరినో అని మురిసిపోయాను కూడా! కళ్ళు గరగరలాడుతున్నాయని అమ్మ వెళ్ళి అడిగితే, పెట్టె మీదున్నది చదివి ఇచ్చింది అత్తయ్య. అమ్మ కెవ్వుమంటే కుళాయి కింద కన్ను పెట్టించి, పావుగంట నీళ్ళు పోసి, ఆ ట్యూబు పట్టుకునే ఆసుపత్రికి పరిగెత్తాను. తిరిగొచ్చాక మనింట్లో అమ్మ కుట్టు మిషను మీద ఆ పెట్టె కనబడింది. ముక్కలు ముక్కలుగా చించి బేకరీ చెత్తలో కలిపేశాను. మర్నాడు మెట్ల మీద టైలరు పెట్టె ఏదీ అన్నప్పుడు ఆవిడ పక్కనే నించున్నాను. నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నట్టు నించున్నాను. అబద్ధాలకోరని పేరు ఆవిడకొచ్చింది. ఇందాకట్నుంచీ నిన్నూ కొట్టువాడినీ టైలర్నీ తిడుతున్నాను గానీ, సిగ్గులేనిదాన్ని నేనే.

ఇక్కడిదాకా రాసేసరికి ముక్కు ఎగబీల్చడం అమ్మకి వినబడింది. "ఏం రాస్తున్నావే? చదువు" అంది. చదివాను. ఒళ్ళోని కోటు మడిచి పక్కన పెట్టింది. తర్వాత "చెప్పులేసుకో" అని నా భుజం పట్టుకుని మెట్లెక్కింది. తలుపు తీసిన అత్తయ్యతో "వదినా, మా పిల్ల నీకో ఉత్తరం చదువుతుంది" అంది. గుమ్మంలో నిలబడే వింది ఆవిడ. కూర్చోమనలేదు. పూర్తయ్యాక, "నాకు చదివావు, బావుంది. ఆ రోజు నన్ను అబద్ధాలకోరన్నప్పుడు పదిమంది ఉన్నారు. వాళ్ళకెప్పుడు చదువుతావు?" అని తలుపేసుకుంది.

అందుకే ఈ ఉత్తరం నీకు నాలుగు రోజులు ఆలస్యం. మన వాటాతో కలిపి ఎనిమిది ఇళ్ళలోనూ చదివాను, కాగితం నలిగింది, ఏమీ అనుకోకు. టైలరు తలొంచుకుని పైకి వెళ్ళొచ్చాడు. అత్తయ్య నాతో ఇంకా మాట్లాడటం లేదు.

ఆవిడని మాటన్నవాళ్ళలో మిగిలింది నువ్వొక్కడివే. ఈసారి జవాబు నాకొద్దు, ఆవిడకి రాయి.

ఇట్లు,
నువ్వు తిట్టాల్సిన మనిషి,
నీ చెల్లెలు