నీలం మీద సున్నం

చింతపల్లి, బుధవారం

అమ్మకు, నేను బాగున్నాను. మన ఊళ్లో సిగ్నల్ లేదని కార్డు రాస్తున్నాను. ఇక్కడి లైబ్రరీ గోడ మీద పాత ఊళ్ల బొమ్మలు, బొమ్మలు నేర్చుకునే మాచేత వేయిస్తున్నారు. డ్యాంలో మునిగిన అమ్మమ్మ ఊరు నా వంతుకు వచ్చింది. అక్కడ నేను ఎప్పుడూ చూసింది నీళ్లే గనక గోడంతా నీలం పూశాను. ఆ ఊళ్లోనే పుట్టిన ఫల్గుణ తాత వచ్చి, "ఈ నీల్లేటి పిల్లా? మేమున్నప్పుడు లేవు గదా. నా ఇల్లేదీ?" అని గోడంతా వెతికాడు. నాకు సిగ్గేసింది. నీలం మీద సున్నం వేసేసి, ఆయన చూపించిన చోట ఆయన ఇల్లు గీశాను. అమ్మమ్మ ఇల్లు ఎక్కడుండేదో ఆయనకు గుర్తు లేదు.

నీ మోకాలు ఎలా ఉంది? మిరియాలు ఎండాయా? ఆదివారం అమ్మమ్మను జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకురా. ఆవిడకు నా దండాలు. గోడ మీద కొంత చోటు వదిలాను. బ్రష్ ఆవిడ చేతికే ఇస్తాను.

నీ రమణి