ఎర్రరంగు హెచ్చరిక

ప్లోవ్‌దివ్, మార్చి 9

జ్‌ద్రావ్కా అక్కకు,

మీ తమ్ముడు ఓగ్న్యాన్‌కి చూపు పోతోందని మీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. మేమిద్దరం లైబ్రరీ కోసం రాసిన, ఆదేశాలు టైపు చేసి నడిపే కమాండ్ ప్రోగ్రామ్ తప్పుల్ని ఎర్రరంగుతోనే చూపించేది.

"రంగు వద్దనుకునేవాళ్లకి మాటల్లో చెప్పేలా ఇంకో పద్ధతి పెడదాంరా" అని ఏడాదిపాటు అడిగాడు.

"ఏరా, అప్పుడే ముసలాడివైపోయావా?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

తర్వాత ఒక హెచ్చరిక అతని కంటపడక లైబ్రరీ జాబితా మొత్తం చెరిగిపోయింది. అజాగ్రత్త అని నివేదిక రాసింది నేనే. దాంతో అతని ఉద్యోగం పోయింది.

ఇప్పుడు ఆ ప్రోగ్రామ్‌ని మార్చాను: హెచ్చరికల్ని రంగుతోనో, మాటల్లోనో, కంప్యూటర్ చదివి వినిపించేలా వరుసకొక సంగతిగానో ఎవరికి కావలసినట్టు వాళ్లు ఎంచుకోవచ్చు. చేయడానికి రెండు రోజులే పట్టింది. ఏడుపు కూడా రావడం లేదు. నా నివేదిక తప్పని ఆఫీసుకు రాశాను. జవాబు లేదు.

ఈ ఉత్తరంతో పంపుతున్న కొత్త ప్రోగ్రామ్‌ని అతనిచేత వాడించి, ఎక్కడ తడబడ్డాడో నాకు రాయండి. చేసింది నేనని మాత్రం చెప్పకండి.