మనీష రాని రోజు

ఢిల్లీ కంటోన్మెంట్,
18 ఫిబ్రవరి 2007

ఏమండీ,

మీకో శుభవార్త, దాని వెంటే ఇంకో మాట. టీచర్ల నియామక పరీక్షలో పాసయ్యాను. మార్చి పద్నాలుగున ఇంటర్వ్యూకి రమ్మన్నారు. కింది క్వార్టర్ కమల వచ్చి నోట్లో లడ్డూ కుక్కేసింది. నేను మాత్రం ఇంటర్వ్యూకి వెళ్లదలచుకోలేదు. ఎందుకో ఫోన్‌లో చెప్పబోయి, రెండుసార్లూ మీ భోజనం సంగతి అడిగి పెట్టేశాను. రాస్తే గానీ బయటికి వచ్చేలా లేదు.

పరీక్షలో బోధనాభిరుచి, విద్యా సూత్రాల మీద యాభై ప్రశ్నలిచ్చారు. అందులో ఒకటి, మాటిమాటికీ ప్రశ్నలడిగి పాఠాన్ని ఆపే విద్యార్థి విషయంలో ఉపాధ్యాయుడు ఏం చేయాలి అని. మందలించాలి, పట్టించుకోకూడదు, వెనక బెంచీకి పంపాలి, ఆ ప్రశ్నల్నే పాఠంలో భాగం చేసుకోవాలి. క్షణం ఆలోచించకుండా నాలుగోదానికి టిక్కు పెట్టాను. నేను నిజంగా చేసిన పని ఆ నాలుగింటిలో లేదు.

నిరుడు నా బీఎడ్ ప్రాక్టికల్ జ్ఞాపకముంది కదా. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చి వెనక కూర్చుని మార్కులు వేస్తారు. అందుకని మేమందరం చేసే పని ఒకటుంది. ఆయనకి చూపించబోయే పాఠాన్ని ముందే రెండుసార్లు అదే క్లాసుకి చెప్పేస్తాం. ఏ ప్రశ్నకి ఎవరు లేవాలో కూడా అనుకునే ఉంటుంది. నాకిచ్చింది కమల కూతురు మనీష అప్పుడు చదువుతున్న ఆరో తరగతి. నీటి చక్రం పాఠం. రెండుసార్లూ మనీష దగ్గరే ఆగిపోయాను. "ఆవిరి కనపడదు కదా ఆంటీ, పైకి వెళ్లిందని ఎవరు చూశారు?" అంటుంది. జవాబు చెబితే ఇంకోటి. పీరియడ్ అయిపోయేసరికి మేఘం దాకా కూడా వెళ్లలేదు, ఇక వాన ఎక్కడ కురుస్తుంది?

ముందు రోజు సాయంత్రం మెట్ల మీద కనపడితే, "రేపు నువ్వు స్కూలుకి రాకమ్మా. ఒంట్లో బాగాలేదని అమ్మతో చెప్పు" అన్నాను. అన్నిటికీ ఎందుకని అడిగే పిల్ల, దానికి మాత్రం అడగలేదు. మర్నాడు సరిగ్గా గంట కొట్టేసరికి వాన కురిపించాను. మీరు ఫోన్‌లో "శభాష్ టీచరమ్మా" అన్నారు.

నిన్న కమల చెప్పింది. మనీష పరీక్షలనగానే కడుపునొప్పి అంటుందట. అర్ధ సంవత్సర పరీక్షలు రాయలేదు, ఇన్‌స్పెక్షన్ రోజున కూడా వెళ్లలేదు. డాక్టరు ఏమీ లేదన్నాడట. మార్చి పరీక్షలూ రాయకపోతే ఏడో తరగతి మళ్లీ చదవాల్సిందే. "నువ్వు టీచరువి అవుతున్నావు కదా వదినా, కాస్త నచ్చజెప్పవా" అంది. ఇదంతా ఆ ప్రాక్టికల్ తర్వాత మొదలైందే. అయినా కమల ముందు నోరు విప్పలేకపోయాను. ఇలాంటిదాన్ని ఏ మొహం పెట్టుకుని ఉద్యోగం అడగను?

మీ
మైథిలి

తేజ్‌పూర్,
25 ఫిబ్రవరి

మైథిలీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది, రెండోసారి రాలేదు. నేను రిక్రూట్‌గా ఉన్నప్పుడు జనరల్ గారు వచ్చే రోజున, అడుగు తప్పేవాళ్లని డ్రిల్ నేర్పే ఉస్తాద్ వంటశాలకి పంపేసేవాడు. వాళ్లలో నేనూ ఒకణ్ణి. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, ఎండ తప్పిందని సంతోషపడ్డాను కూడా. పద్దెనిమిదేళ్లయింది. ఇప్పటికీ పరేడ్‌లో పెద్ద అధికారి కంటపడని వెనక వరసే వెతుక్కుంటాను. నీకెప్పుడూ చెప్పలేదు.

ఇంటర్వ్యూ మానేస్తే నీ మనసు తేలికవుతుందేమో గానీ, ఆ పిల్ల కడుపునొప్పి తగ్గదు. వెళ్లి దాన్నే అడుగు. కమల తిడితే పడు.

నీ
మురళి

ఢిల్లీ కంటోన్మెంట్,
10 మార్చి

ఏమండీ,

మీ మాట ప్రకారమే వెళ్లాను. కమలకి అంతా చెప్పాను. "దాని చేత నాకే అబద్ధం చెప్పించావా వదినా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మనీష పక్కన కూర్చుని, ఆ రోజు నిన్ను రావద్దనడం నా తప్పమ్మా అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. "తప్పేంటి ఆంటీ? నేను రాలేదు కాబట్టే కదా మీరు పాసయ్యారు" అంది. నన్ను తనే పాస్ చేయించానని ఏడాదిగా లోలోపల గర్వపడుతోందండీ. ఇప్పుడు తన క్లాస్ టీచరుకి కూడా అదే సాయం చేస్తోందట. "మైఁ రహూఁగీ తో గడ్‌బడ్ హోగీ నా, నేనుంటే అంతా గడబిడే కదా. నేను లేకపోతే మేడమ్ రిజల్ట్ బాగుంటుంది" అంది. నేను చెప్పిన పాఠాలన్నిటిలో ఆ పిల్లకి ఒక్కసారికే ఒంటబట్టింది అదొక్కటే.

ఆ గర్వం పోగొట్టడానికి వారం రోజులు కూర్చున్నాను. పూర్తిగా పోగొట్టానని అనుకోను. తనని దూరంగా ఉంచి చెప్పింది అసలు పాఠమే కాదని ఎన్ని విధాలుగా చెప్పినా, నన్ను ఓదార్చడానికే చూసింది. ఇంటర్వ్యూకి వెళతాను. నేను చెప్పినవాటిలో మంచి పాఠం ఏదని వాళ్లడిగితే ఈ సంగతే చెబుతాను. ఆపైన వాళ్లిష్టం.

ఇవాళ మొదటి పరీక్ష. నేనే తీసుకెళ్లాను. గేటు దాకా బాగానే వచ్చింది. అక్కడ నా చెయ్యి వదలకుండా ఆగి, "మరి నేను లోపలికి వెళితే మీ పాస్ కాన్సిల్ చేసేస్తారా ఆంటీ?" అని అడిగింది.

"చేస్తే చెయ్యనీ, నువ్వెళ్లు" అన్నాను.

వెళ్లింది. తన పరీక్ష సంగతి మరిచిపోయి, నాకేమవుతుందోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

మీ
మైథిలి