మూడో పేజీ

వీసా అధికారిగారికి, నమస్కారం.

నా తొలి ఉద్యోగంలో మీ దేశం కోసం రాసిన ప్రోగ్రాము ఒకటి మొరాయిస్తోందట. బాగుచేయడానికి అక్కడి కంపెనీ నన్ను పిలిచింది. ఆ కంప్యూటరు భాష ఇప్పుడెవరూ నేర్చుకోవడం లేదు. నిపుణుల వీసాకి అర్జీ పెట్టి నలభై మూడు రోజులైంది. ఒకటో తారీఖుకి నేను చేరకపోతే ప్రోగ్రామునే తీసి పారేస్తారట.

ఇట్లు, అర్జీదారు.

తా.క. వివరాలన్నీ అర్జీ మూడో పేజీలో ఉన్నాయి.

*

పూజ్యులైన మామ్మగారికి,

మీ మనవడి అర్జీలో పొరపాటున మీ పుట్టినతేదీ పడింది. మా యంత్రం దాన్ని కుటుంబసభ్యుల వరుసలోకి తోసింది. కంగారు పడకండి. అబ్బాయి తేదీ పంపితే ఇద్దరూ కలిసే రావచ్చు.

ఇట్లు, వీసా అధికారి.

తా.క. ఇక్కడ చలి. శాలువా మరవకండి.

*

అధికారిగారికి,

నన్ను మామ్మా అనడానికి ఇంట్లో ఇద్దరున్నారు, చాలు. మీ ఉత్తరం ఆరు వరుసలు, తప్పులు నాలుగు. నా మనవడికి ఆరేళ్ళు. తేదీ నాదే. నాకు డెబ్బై ఒకటి.

నేను పనిలో చేరినప్పుడు ప్రోగ్రామంటే అట్టముక్కల మీద చిల్లులు. రెండువేల అట్టల పెట్టెని ఒళ్ళో పెట్టుకుని బస్సులో పసిబిడ్డలా కాచుకునేదాన్ని. ఒకసారి చెయ్యి జారింది. ఆఫీసులో నా పక్కసీటావిడా నేనూ నేలమీద చతికిలబడి రెండు రోజులు వరుస కలిపాం. పనికన్నా నవ్వే ఎక్కువ. ఆవిడ ఇప్పుడు లేదు. ఆ వరుస మాత్రం నాకింకా కంఠతా వచ్చు.

ఇట్లు, అర్జీదారు.

తా.క. శాలువా ఉంది. మూడో పేజీ చదవండి.

*

అమ్మగారికి,

మీ తేదీ మళ్ళీ కొట్టి చూశాను. యంత్రం ఇలా అంది: "అరవై దాటాక ఎవరూ పని చేయరు. వయసు సరిచూసుకోగలరు." కాబట్టి ఉద్యోగం మనవడిదేనని తేలింది. ఆరేళ్ళవాడిని పనిలో పెట్టుకున్నందుకు కంపెనీ మీద విచారణకి రాశాం.

ఇట్లు, వీసా అధికారి.

తా.క. పాపం, బడి మాన్పించారా?

*

అధికారిగారికి,

కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. ఆ వాక్యం నాదే. అప్పుడు నాకు ఇరవై నాలుగు. "ఏమే, మనకి మాత్రం అరవై రావా?" అంది పక్కసీటావిడ. "వచ్చినప్పుడు చూసుకుందాంలే" అన్నాను. చివర "సరిచూసుకోగలరు" అని మర్యాద తగిలించింది ఆవిడే. నాకు మర్యాద తట్టలేదు.

వచ్చాయి. చూసుకుంటున్నాను. ఆవిడుంటే ఎంత నవ్వేదో.

బడి మాన్పించలేదు. విచారణ ఆపండి.

ఇట్లు, అర్జీదారు.

తా.క. నేను బాగుచేయాల్సింది మీ బల్లమీది ఆ ప్రోగ్రామునే. మూడో పేజీ, రెండో పేరా.

*

అమ్మగారికి,

మూడో పేజీ చదివాను. బీరువా అడుగున పాత రబ్బరుముద్ర దొరికింది. యంత్రాన్ని అడక్కుండా నా చేత్తోనే వేశాను. వీసా ఇందులో ఉంది. కంపెనీకి క్షమాపణ పంపాను. ఆ వాక్యం మార్చేటప్పుడు, ఆవిడ రాసిన చివరి మాట ఉంచెయ్యండి.

ఇట్లు, వీసా అధికారి.

తా.క. వచ్చే నెల ఆరో తారీఖుకి నాకు అరవై నిండుతాయి. కాస్త త్వరగా రండి.