కొట్లాడిన ఒళ్లు
గోదావరిఖని, మంగళవారం రాత్రి

మొన్న బోదకాలు పరీక్షకని మా క్వార్టర్లలో అందరి రక్తం తీసుకెళ్లారు. ఈరోజు దవాఖానలో చెప్పారు. కాలు మొద్దులా వాచిన నా రక్తంలో పురుగుల్లేవట. ఏ వాపూ లేని మా ఆయన రక్తం నిండా ఉన్నాయట.

"నీ ఒళ్లు పురుగులతోటి కొట్లాడిందమ్మా, అందుకే కాలు వాచింది. ఆయన ఒళ్లు ఊకున్నది. మాత్రలు ఆయనకే," అన్నాడు డాక్టరు.

"మరి నా కాలు?" అంటే తరువాతి చీటీ పిలిచాడు.

ఇంటికొచ్చి అత్తకు అంతా విడమరిచి చెప్పాను.

"నీ కాలే నా కొడుక్కు అంటిచ్చింది. ఇయ్యాల్టి సంది లోపలికి రాకు," అంది. ఉన్న ఒక్క దోమతెరా కొడుక్కే కట్టింది.

వసారాలో కూర్చుని రాస్తున్నాను. ఇన్నేళ్లూ ఆయన్ను కుట్టిన దోమలే నన్నూ కుట్టాయి. పురుగులున్నది తన రక్తంలోనే అని డాక్టరు చెప్పినప్పుడు ఆయన నా పక్కనే ఉన్నాడు. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. మాత్ర మింగి పడుకున్నాడు.