అమ్మ పేరుతో వచ్చిన లింకు

గాయత్రీ,

బడికి వెళ్తున్నాను. అన్నం, పప్పు వండి పెట్టాను. వేడి చేసుకుని తిను.

అమ్మ ఫోన్ నుంచి రాత్రి అందరికీ వెళ్లిన లింకు నేను పంపింది కాదు. బంధువుల నంబర్లన్నీ అందులోనే ఉన్నాయని అమ్మ పెద్దకర్మ కార్డు దాని నుంచే పంపాను. తర్వాత అలాంటి కార్డే ఒకటి ఎవరిదో లింకుగా వస్తే నొక్కాను. లింకు నొక్కగానే మనల్ని అడక్కుండా వేరే యాప్‌ తెరిచేసే లోపం ఆ ఫోన్‌ సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని ఫోన్ల షాపు కిషోర్ చెప్పాడు. ఆ లోపం పట్టుకుని ఎవరో అమ్మ పేరుతో అందరికీ పంపారు.

అమ్మమ్మ ఫోన్ కూడా అదే రకం. అప్‌డేట్ చేస్తే ఆ లోపం పోతుందట. అది చేసి, లింకు తీసెయ్యి. పొద్దున నేను తీయబోతే, "నా బిడ్డ పంపించింది గదయ్యా, ఎట్ల తీసేస్తావు?" అని ఫోన్ లాక్కుంది. నువ్వు కోప్పడకు. పక్కన కూర్చుని నిదానంగా చెప్పు.

నాయన

నా ఫోన్ బల్ల మీద వదిలి వెళ్తున్నాను. దానికీ ఆ లింకు వచ్చింది. అదీ నువ్వే తీసెయ్యి. పైన అమ్మ పేరుంది, నావల్ల కాలేదు.