వెనక దన్ను లేని గోడ

బాబాయ్,

మీ ఫోన్ కలవడం లేదు. అందుకే ఈ ఉత్తరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. చదవగానే పిన్నిని తీసుకుని గుట్ట మీది స్కూలుకి వెళ్లిపోండి.

మీ ఇంటికి ఎగువన వాగుకి అడ్డంగా కట్టిన చెక్‌డ్యామ్‌కి ముందు గోడే ఉంది, వెనక దన్ను లేదు. పూర్తయినట్టు ఫోటో పంపితేగాని ప్రభుత్వం మిగతా నిధులు ఇవ్వదు. "ముందువైపు నుంచి తియ్యమ్మా, నిధులు రాగానే వెనకవైపు కట్టేద్దాం" అన్నారు మా ఇంజనీరు. తీసింది నేనే. ఆ నిధులు వేరే వాగు పనికి మళ్లించారు.

మూడు రోజులుగా వాన తెరిపివ్వలేదు. గోడ ఆగుతుందా అని ఇవాళ ఇంజనీరుని అడిగితే "నీ పని ఫోటో వరకే" అని కసిరారు గానీ, ఆయన టీ చేతిలోనే చల్లారిపోయింది.

"మా అమ్మాయి వాళ్ల ఆఫీసే ఆ గోడ కట్టించింది, ఏం కాదు" అని మీరు వీధంతా చెప్పారుగా. నా తప్పని చెప్పి అయినా సరే, వాళ్లందర్నీ కదిలించండి బాబాయ్.